వార్డు నుంచి అద్దె ఇంటికి: ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం గలవారి సంరక్షణ చరిత్ర

బ్రిటన్‌లో ‘లెర్నింగ్ డిజేబిలిటీ’ అంటే భారతదేశంలో మేధో వైకల్యంగా గుర్తించే స్థితి. బాల్యంలోనే మొదలై జీవితమంతా కొనసాగుతూ, విషయాలను గ్రహించడంలోనూ రోజువారీ పనులు చక్కబెట్టుకోవడంలోనూ ఇతరుల తోడు అవసరమయ్యే స్థితి. అటువంటి వయోజనుల కోసం ఇంగ్లండ్‌లో గత మూడు దశాబ్దాలుగా విస్తరించిన ఏర్పాటును ‘సపోర్టెడ్ లివింగ్’ అంటారు. ఇందులో ఇల్లు వేరు, సంరక్షణ వేరు. వ్యక్తి తన పేరు మీద అద్దె ఒప్పందం రాసుకొని ఒంటరిగానో ఇద్దరు ముగ్గురితో కలిసో ఒక మామూలు ఇంట్లో ఉంటాడు. స్నానం, వంట, మందులు, బజారు పనులలో సాయపడే సిబ్బందిని వేరొక సంస్థ పంపుతుంది, ఆ ఖర్చును చాలావరకు స్థానిక కౌన్సిల్ భరిస్తుంది. సిద్ధాంతరీత్యా సంరక్షణ సంస్థ నచ్చకపోతే దాన్ని మార్చుకోవచ్చు, ఇల్లు మాత్రం అతనిదిగానే నిలుస్తుంది. ఈ స్థితికి చేరడానికి ఆ దేశానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. ఆ కాలమంతటా కట్టడాలు, చట్టాలు, పేర్లు ఎన్నోసార్లు మారాయి. అయితే నిద్ర లేచే వేళను, తినే తిండిని, ఖర్చుపెట్టే డబ్బును, పక్క గదిలో ఉండే మనిషిని నిర్ణయించే అధికారం ఎవరిదన్న విషయంలో మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది, కొన్నిచోట్ల అసలు రాలేదు. సంరక్షణ నాణ్యత చరిత్రను ఆ అధికారం చరిత్రగా చదవడమే సమంజసం.

పందొమ్మిదో శతాబ్దపు తొలి సంస్థలు ఆశతో మొదలయ్యాయి. అనాథాశ్రమాలు స్థాపించిన క్రైస్తవ బోధకుడు ఆండ్రూ రీడ్ 1848లో లండన్ సమీపంలోని హైగేట్‌లో ప్రారంభించిన ఆశ్రమం, 1855లో సర్రే జిల్లాలోని ఎర్ల్స్‌వుడ్‌లో నిర్మించిన విశాల భవనంలోకి మారింది. అక్కడ ప్రవేశం చందాదారుల ఓట్లతో దొరికేది. ఎన్నికైనవారిని కొన్నేళ్లపాటు ఉంచుకొని, వడ్రంగం, కుట్టుపని వంటివి నేర్పి తిరిగి ఇంటికి పంపాలన్నది ఉద్దేశం. 1858 నుంచి 1868 వరకు వైద్యాధికారిగా ఉన్న జాన్ లాంగ్‌డన్ డౌన్ (1866లో ఆయన వర్ణించిన స్థితికే తరువాత డౌన్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది) శారీరక శిక్షలను ఆపించి, భోజనానికి, శుభ్రతకు, చేతిపనులకు ఒక క్రమం ఏర్పరిచారు. తిరిగి పంపాలన్న ఉద్దేశం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. బయట ఆదుకునే ఏర్పాటేదీ లేకపోవడంతో వచ్చినవారు అక్కడే ఉండిపోయారు, ఆశ్రమం ఆవాసంగా మారింది.

ఆ ఆవాసాన్ని నిర్బంధంగా మార్చింది 1913 నాటి ‘మెంటల్ డెఫిషియెన్సీ యాక్ట్’. పేదరికం, నేరం, వివాహేతర సంతానం అన్నీ వంశపారంపర్యమైన మందబుద్ధి ఫలితాలని, అటువంటివారికి పిల్లలు పుడితే జాతి క్షీణిస్తుందని ప్రచారం చేసిన యూజెనిక్స్ వాదం ఆనాటి వైద్యులను, రాజకీయ నాయకులను గట్టిగా పట్టుకుంది. చట్టం మనుషులను నాలుగు తరగతులుగా విడదీసింది. ఆ తరగతుల పేర్లు నేడు తిట్లుగానే మిగిలాయి. ప్రభుత్వ పేదల సహాయం మీద ఉంటూ పెళ్లి కాకుండా బిడ్డను కన్న స్త్రీని కూడా, ఆ తరగతులలో ఒకదానికి చెందినదని ధ్రువీకరిస్తే, నిర్బంధించవచ్చు. పార్లమెంటులో దీన్ని వ్యతిరేకించినవారు అతి కొద్దిమంది. వారిలో ముందు నిలిచి వ్యక్తి స్వేచ్ఛ పక్షాన రాత్రుళ్లు పోరాడిన జొసాయా వెడ్జ్‌వుడ్ పేరు ఈ చరిత్రలో తలచుకోదగినది. చట్టం అమలులోకి వచ్చాక ఊళ్లకు దూరంగా ‘కాలనీలు’ వెలిశాయి. పురుషులు పొలాల్లో, స్త్రీలు చాకిరేవుల్లో జీతం లేకుండా పనిచేసేవారు; ఇరువురినీ కలవనిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లిన ఆడపిల్లలు కొందరు ముసలివారై బయటికి వచ్చారు.

1948లో జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, ఏర్పడినప్పుడు ఈ కాలనీలలో చాలావాటిని ఆస్పత్రులుగా లెక్కలో చేర్చారు. రోగం లేనివారు రోగులయ్యారు, నివాసం వార్డయింది, నర్సు యజమానురాలయింది. అరవై మంచాలు అడుగు దూరంలో పరిచిన గదులు, అందరికీ ఉమ్మడిగా వాడే బట్టల కుప్ప, సాయంత్రం కాకముందే నిద్ర సన్నాహం అక్కడి దినచర్య. ఇది తప్పనిసరి కాదని చూపిన తొలి ప్రయోగాలలో ఒకటి మనస్తత్వవేత్త జాక్ టిజార్డ్ 1958లో ప్రారంభించినది. ఆయన లండన్‌లోని ఫౌంటెన్ ఆస్పత్రి నుంచి పదహారు మంది పిల్లలను సర్రేలోని బ్రూక్‌లాండ్స్ అనే ఇంటికి మార్చి, చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఎప్పుడూ అదే పెద్దలు చూసుకునేట్లు, ఆటలు, మాటలు, బొమ్మలు పుష్కలంగా ఉండేట్లు ఏర్పాటు చేశారు. అదే స్థాయి వైకల్యం గల మరో పదహారు మంది ఆస్పత్రిలోనే ఉన్నారు. రెండేళ్లలో బ్రూక్‌లాండ్స్ పిల్లల మాట తీరు ఆస్పత్రి పిల్లలను స్పష్టంగా దాటిపోయింది. అంతవరకు వైకల్యం ఖాతాలో రాసిన లోటులో కొంత వార్డుదేనని ఆ పోలిక రుజువు చేసింది.

రుజువులు ఉన్నా ఆస్పత్రులు కదలలేదు. వాటిని కదిలించింది కార్డిఫ్‌లోని ఈలీ ఆస్పత్రి ఉదంతం. 1967లో అక్కడి ఒక నర్సింగ్ అసిస్టెంట్ తాను చూసిన దౌర్జన్యాలను ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రికకు తెలిపాడు. తరువాతి కాలంలో బ్రిటన్ ఆర్థికమంత్రి అయిన న్యాయవాది జెఫ్రీ హౌ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. రోగులను కొట్టడం, వారి తిండిని, బట్టలను సిబ్బంది కాజేయడం, ఫిర్యాదు చేసినవారినే వేధించడం, కిక్కిరిసిన వార్డులు, వైద్యుల నిర్లక్ష్యం అన్నిటినీ ఆ సంఘం వివరంగా నమోదు చేసింది. సంక్షిప్త రూపం చాలునని అధికారులు భావించగా, ఆరోగ్యశాఖను చూస్తున్న మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ 1969 మార్చిలో నివేదికను పూర్తిగా ప్రచురింపజేశారు. ఆ నిర్ణయమే అసలు మలుపు. అంతవరకు ఒక్కో ఆస్పత్రి గుట్టు ఆ ఆస్పత్రి గోడల మధ్యే ఉండేది. ఇప్పుడు ప్రభుత్వమే చదివి సిగ్గుపడవలసి వచ్చింది. ఆస్పత్రులను బయటివారు వెళ్లి చూసే సలహా సేవ అదే ఏడాది మొదలైంది. నివేదికలో ఈనాటికీ పనికివచ్చే అంశం మరొకటి ఉంది. ఈలీ సిబ్బందిలో క్రూరులు కొద్దిమందే. మిగిలినవారు పాతకాలపు, క్రమశిక్షణ సడలిన నర్సింగ్ పద్ధతులకు అలవాటుపడినవారు. పై అధికారి రాడు, పైనుంచి ఎవరూ అడగరు, చెప్పినా వినరు అన్న వాతావరణంలో మామూలు మనుషులే దౌర్జన్యాన్ని దినచర్యగా స్వీకరించారు.

వాతావరణాన్ని కొలవవచ్చా అన్న ప్రశ్నకు అదే కాలంలో ఒక జవాబు తయారైంది. రాయ్ కింగ్, నార్మా రేన్స్, జాక్ టిజార్డ్ కలిసి 1971లో వెలువరించిన అధ్యయనం పిల్లల ఆస్పత్రులను, స్థానిక సంస్థల హాస్టళ్లను, స్వచ్ఛంద ఆశ్రమాలను పక్కపక్కన పెట్టి పరిశీలించింది. వారు అడిగిన ప్రశ్నలు చూడడానికి చాలా చిన్నవి. సెలవు రోజున కూడా పిల్లలను మిగతా రోజుల వేళకే లేపుతారా? స్నానానికి ముందు, తరువాత వరసలో నిలబెడతారా? పుట్టినరోజు ఎవరిది వారికి విడిగా చేస్తారా? పిల్లలు వంటింట్లోకి వెళ్లవచ్చా? బట్టలు, బొమ్మలు ఎవరివి వారి దగ్గరే ఉంటాయా? సిబ్బంది పిల్లలతో కలిసి కూర్చొని తింటారా? ఈ జవాబులను కూడి నాలుగు లక్షణాలు పట్టుకున్నారు: మార్చడానికి వీల్లేని దినచర్య, అందరినీ గుంపుగా కదిలించడం, వ్యక్తికంటూ ఏదీ మిగల్చకపోవడం, సిబ్బందికీ నివాసులకూ మధ్య దూరం. ఆస్పత్రి వార్డులలో ఈ నాలుగు లక్షణాలూ బలంగా కనిపించాయి. ఆశ్చర్యమేమంటే కట్టడం పెద్దదా చిన్నదా అన్నదానికీ, పిల్లల వైకల్యం ఎంత తీవ్రం అన్నదానికీ ఈ తేడాతో పెద్దగా సంబంధం కనబడలేదు. హాస్టల్ బాధ్యురాలు తిండి, ఖర్చు, వేళలను తానే నిర్ణయించగలిగేది, అందుచేత పిల్లలతో గడిపేది; వార్డు సిస్టర్‌కు పై కార్యాలయం ఆదేశాలు, రిజిస్టర్లు తప్ప తీరిక ఉండేది కాదు. నిర్ణయాధికారం పిల్లల దగ్గరగా ఉన్నచోట వారిని పట్టించుకునేవారు ఉన్నారు. ఈ రంగంలో వెలువడిన పుస్తకాలలో ఇంత ఓపికగా ఇంటి పనులను గమనించినవి అరుదు.

ఆలోచన మారడానికి స్కాండినేవియా తోడ్పడింది. డెన్మార్క్ 1959 చట్టం, స్వీడన్‌లో బెంగ్ట్ నిర్యె 1969లో చేసిన వివరణ కలిసి ‘నార్మలైజేషన్’ అనే సిద్ధాంతానికి రూపమిచ్చాయి. వైకల్యం గలవారికి సమాజంలో అందరికీ ఉండే దినచర్య, వారంలో పని రోజులు, విశ్రాంతి రోజులు, సొంత గది, స్త్రీపురుష స్నేహాలు అందుబాటులో ఉండాలన్నది దాని సారం; వారిని మామూలు మనుషులుగా ‘మార్చడం’ అన్న అర్థం దానికి లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1971 శ్వేతపత్రంలో ఆస్పత్రి మంచాలను ఇరవై ఏళ్లలో దాదాపు సగానికి తగ్గిస్తామని చెప్పింది; 1979లో పెగీ జే అధ్యక్షతన వచ్చిన నివేదిక, 1980లో ఆరోగ్య రంగ స్వచ్ఛంద సంస్థ కింగ్స్ ఫండ్ ప్రచురించిన ‘యాన్ ఆర్డినరీ లైఫ్’ పత్రం మరో అడుగు వేసి, వైకల్యం ఎంత తీవ్రమైనా అందరికీ వీధిలోని మామూలు ఇల్లే సరైనదన్నాయి. ఆ మాట నిలుస్తుందా అని పరీక్షించినది హాంప్‌షైర్‌లోని ఆండోవర్ పట్టణం. అక్కడ 1980ల తొలినాళ్లలో అతి తీవ్ర వైకల్యం గల పెద్దలు కొద్దిమంది సాధారణ ఇళ్లలోకి మారారు. వారి కోసం అన్నీ చేసిపెట్టే పద్ధతి వదిలి, బంగాళాదుంప చెక్కు తీయడం దగ్గర నుంచి బట్టలు ఆరవేయడం దాకా ప్రతి పనిని చిన్న భాగాలుగా విడదీసి, చేయగలిగిన భాగాన్ని వారిచేతనే చేయించే పద్ధతిని పరిశోధకులు అక్కడ రూపొందించారు. దానికే తరువాత ‘యాక్టివ్ సపోర్ట్’ అన్న పేరు వచ్చింది. పాత ఆస్పత్రులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈలీ 1996లో, చివరిదిగా చెప్పే ఆర్చర్డ్ హిల్ 2009లో.

ఆస్పత్రి నుంచి బయటికి వచ్చినవారిలో ఎక్కువమంది మొదట చేరినది కేర్ హోమ్‌లకు, అంటే గదినీ సంరక్షణనూ ఒకే సంస్థ ఇచ్చే నివాసాలకు. ఆ సంస్థకు కోపం వస్తే సంరక్షణతోపాటు నీడ కూడా పోయే ప్రమాదం వీటిలో ఉంది. 1990లలో సపోర్టెడ్ లివింగ్‌ను ప్రతిపాదించినవారి వాదన ఇక్కడే మొదలైంది: అద్దెదారుకు చట్టం ఇచ్చే హక్కులు చేతిలో ఉంటే సేవకుల ముందు తల వంచనవసరం లేదు. వాదన న్యాయమైనదే. అయితే దానికి డబ్బు లెక్క కూడా తోడైంది. కేర్ హోమ్ నివాసికి చేతి ఖర్చు మాత్రమే మిగిలేది. అద్దెదారుకు హౌసింగ్ బెనిఫిట్ అనే అద్దె భత్యం, ఇతర భత్యాలు పూర్తిగా వచ్చేవి, 2003 నుంచి ‘సపోర్టింగ్ పీపుల్’ అనే కేంద్ర నిధి కూడా అందింది. దాంతో ఇల్లు అదే, సిబ్బంది వారే, మంచాలు వాటి చోటే ఉండగా కాగితం మీద మాత్రం కేర్ హోమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసి సపోర్టెడ్ లివింగ్‌గా ప్రకటించే ధోరణి బయలుదేరింది. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతపు సంస్థ ఒకటి ఇలా చేయబోతే రిజిస్ట్రేషన్ అధికారులు నిరాకరించారు. 2005లో అప్పీల్ కోర్టు కూడా అధికారుల పక్షమే నిలిచి, అద్దె ఒప్పందం ఒక్కటే కేర్ హోమ్‌ను ఇల్లుగా మార్చదని తేల్చింది. నివాసులకు ఎంచుకునే అవకాశం నిజంగా ఉందా, సంరక్షణ సంస్థను మార్చగలరా, ఆ ఒప్పందం వారికి అర్థమైందా అన్న ప్రశ్నలు అక్కడి నుంచి తప్పించుకోలేనివయ్యాయి.

వాటికి అత్యంత బాధాకరమైన జవాబు 2006 జూలైలో కార్న్‌వాల్ నుంచి వచ్చింది. మేధో వైకల్యం గలవారి కోసం పనిచేసే స్థానిక మెన్‌క్యాప్ సంఘం, కుటుంబాలు లేవనెత్తిన ఆందోళనల మీద రెండు ప్రభుత్వ తనిఖీ సంస్థలు కలిసి అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టును విచారించాయి. ట్రస్టు ఒక చిన్న ఆస్పత్రితోపాటు, సపోర్టెడ్ లివింగ్ పేరుతో 46 ఇళ్లను నడిపేది. వీధిలోంచి చూస్తే అవి మామూలు ఇళ్లే. లోపల ఉన్నవారు ఎవరితో ఉండాలో, ఎక్కడ ఉండాలో ఎన్నడూ ఎంచుకోలేదు, తలుపులకు తాళాలు, వారి డబ్బు సిబ్బంది చేతిలో. ఒక వ్యక్తిని రోజుకు పదహారు గంటలు మంచానికో చక్రాల కుర్చీకో కట్టి ఉంచారు, అది అతని రక్షణ కోసమేనని సిబ్బంది నమ్మారు. తనిఖీ చేసినవాటిలో మూడింట రెండు వంతులకు పైగా చోట్ల తగని ఆంక్షలు ఉన్నాయని నివేదిక తేల్చింది. కింగ్, రేన్స్, టిజార్డ్‌ల ప్రశ్నావళిని ఆ ఇళ్లకు తీసుకువెళ్లి ఉంటే 1960ల వార్డుల జవాబులే వచ్చేవి. వార్డును ముక్కలు చేసి వీధుల్లో పంచిన తీరు అది.

2011 మే 31న బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూలో రహస్య కెమెరాకు చిక్కిన హింసను ప్రసారం చేసినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. అది 24 మంచాల ప్రైవేటు ఆస్పత్రి, ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రజాధనం నుంచి చెల్లించేవారు. పదకొండు మంది నేరం అంగీకరించగా ఆరుగురికి జైలు శిక్ష పడింది. అటువంటి ఆస్పత్రులలో ఉండనవసరం లేనివారందరినీ 2014 జూన్ నాటికి సొంత ఊరి ఇళ్లకు చేర్చుతామన్న ప్రభుత్వ హామీ నెరవేరలేదు. ఆ తరువాత పదేళ్లకు కూడా ఇంగ్లండ్ మానసిక ఆస్పత్రులలో మేధో వైకల్యం లేదా ఆటిజం గలవారు రెండు వేలకు అటూ ఇటూగా ఉన్నారు. 2014 మార్చిలోనే సుప్రీంకోర్టు ‘చెషైర్ వెస్ట్’ కేసులో ఇచ్చిన తీర్పు ఇళ్లకు సంబంధించినది. నిరంతరం కనిపెట్టి ఉంటూ, అదుపులో ఉంచుతూ, స్వేచ్ఛగా వెళ్లిపోనివ్వకపోతే ఆ ఇల్లు ఎంత సౌకర్యంగా ఉన్నా, ఆ మనిషి అభ్యంతరం చెప్పకపోయినా అది స్వేచ్ఛను హరించడమేనని ఆ తీర్పు సారం. పంజరానికి బంగారు పూత పూసినా అది పంజరమేనని న్యాయమూర్తి లేడీ హేల్ అన్నారు. అప్పటి నుంచి సపోర్టెడ్ లివింగ్‌లో అటువంటి ఏర్పాటుకు, వ్యక్తికి స్వయంగా సమ్మతించే సామర్థ్యం లేనప్పుడు, ‘కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్’ అనుమతి అవసరమయింది.

ఈ తీర్పులు, విచారణలు అన్నీ కీడును ఆపడానికి పుట్టినవి. మేలును కొలవడం మరింత కష్టం. తనిఖీ సంస్థ అయిన కేర్ క్వాలిటీ కమిషన్ సపోర్టెడ్ లివింగ్‌లో సంరక్షణ సేవను మాత్రమే తనిఖీ చేయగలదు. ఇల్లు దాని పరిధిలో లేదు, అద్దెదారు అనుమతి లేనిదే గడప దాటరాదు. హక్కును కాపాడే ఈ నియమమే చూసే కళ్లను తగ్గించింది. పరిశోధకుడు ఎరిక్ ఎమర్సన్ బృందం 2001లో ప్రచురించిన పోలిక కూడా మిశ్రమ చిత్రాన్నే ఇచ్చింది: కొద్దిమంది కలిసి ఉండే గ్రూప్ హోమ్‌ల కంటే సపోర్టెడ్ లివింగ్‌లో ఉన్నవారికి ఎక్కడ, ఎవరితో ఉండాలన్న విషయంలో ఎంపిక ఎక్కువ, ఊరిలో తిరగడం ఎక్కువ, అయితే ముందుగా అనుకున్న కార్యక్రమాలు తక్కువ, ఇంటిపై దాడులు, ఇతరుల దోపిడీకి గురయ్యే ప్రమాదం ఎక్కువ. కెంట్ విశ్వవిద్యాలయంలో టిజార్డ్ పేరిట వెలసిన కేంద్రంలో జిమ్ మాన్సెల్, ఆయన సహచరులు దశాబ్దాలపాటు చేసిన పరిశీలనలలో, సిబ్బంది సంఖ్య పెంచినంత మాత్రాన నివాసుల జీవితం మెరుగుపడదని, పనిలో పక్కన నిలబడి చూపించే అనుభవజ్ఞురాలైన పర్యవేక్షకురాలు ఉన్న ఇళ్లలోనే యాక్టివ్ సపోర్ట్ నిలుస్తుందని తేలింది. అటువంటి పర్యవేక్షకురాలిని నిలుపుకునే జీతం ఆ రంగం ఇవ్వలేదు. 2009లో ‘సపోర్టింగ్ పీపుల్’ నిధికి ఉన్న రక్షణ తొలగింది, కౌన్సిళ్లు గంటల లెక్కన సేవలు కొంటూ వచ్చాయి. రాత్రంతా నివాసి ఇంట్లోనే పడుకొని అవసరమైతే లేచే ‘స్లీప్-ఇన్’ డ్యూటీలో నిద్ర వేళలకు కనీస వేతనం వర్తించదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పాత సహాయకులు వెళ్లిపోయినప్పుడల్లా, మాట రాని మనిషి చూపునూ సైగనూ చదవగల పరిచయం కూడా వారితోనే పోతుంది. దీనికి ఏ తనిఖీ నివేదికలోనూ గడి లేదు.

వెళ్లిపోయిన సహాయకుల ఖాళీలను కొంతకాలం విదేశీయులు పూరించారు. 2022 ఫిబ్రవరిలో సంరక్షణ సిబ్బందికి వీసా తెరిచినప్పుడు భారతదేశం నుంచి వెళ్లినవారిలో తెలుగు రాష్ట్రాలవారూ ఉన్నారు. 2024లో కుటుంబాలను వెంట తీసుకువెళ్లడాన్ని నిషేధించి, 2025 జూలైలో విదేశాల నుంచి కొత్త నియామకాలనే నిలిపివేశారు. ఇక వారి స్వదేశమైన భారత్‌లో, మేధో వైకల్యం కోసం సికింద్రాబాద్‌లో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ శిక్షణలో, పరిశోధనలో పేరు తెచ్చుకుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం, తల్లిదండ్రుల తరువాత సంరక్షణ ఎవరిదన్న ప్రశ్నను తొలిసారి చట్టంలోకి తెచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని అయిదో సెక్షన్, ఎవరినీ ఫలానా ఏర్పాటులోనే ఉండి తీరాలని బలవంతపెట్టకుండా చూడడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతోంది. ఆచరణలో సంరక్షణ భారం ఇప్పటికీ ఇంటి మీదే, ముఖ్యంగా తల్లి మీదే ఉంది. అమ్మానాన్నలు వృద్ధులయ్యాక మిగిలే దారి ఎక్కువగా ఆశ్రమం తరహా నివాసమే. అటువంటి నివాసాలను తల్లిదండ్రుల సంఘాలే సొంత డబ్బుతో కట్టుకుంటున్న చోట్ల స్థలం, పడకలు, విరాళాల మీద చర్చ విరివిగా సాగుతోంది. అందులో చేరబోయేవారిని పక్క గదిలో ఎవరు ఉండాలని అడగడం ఇంకా మొదలు కావలసి ఉంది.